వంటలక్క పేరు అందరికీ తెలుసు, మరి ప్రేమి విశ్వనాథ్?

2020 సెప్టెంబర్‌లో ఐపీఎల్ దుబాయ్, అబుదాబి, షార్జాల్లో మొదలైనప్పుడు సాయంత్రం మ్యాచ్ మన టైం ప్రకారం ఏడున్నరకి పడేది. స్టార్ మాలో కార్తీకదీపం సీరియల్ కూడా ఏడున్నరకే. కూకట్‌పల్లిలో మా ఇంట్లో ఉన్నది ఒక్కటే టీవీ. కరోనా వల్ల ఆర్నెల్లుగా అందరం ఇంట్లోనే పడి ఉన్నాం, నేను ల్యాప్‌టాప్ మూసి హాల్లోకి వచ్చేసరికి రిమోట్ అమ్మ కొంగు కిందికి పోయేది. "నువ్వు ఫోన్ల చూస్కో బిడ్డా, వంటలక్క ఏమైతదో ఇయ్యాల" అనేది. పక్క ఫ్లాట్‌లో కూడా ఇదే గొడవని గోడ అవతల నుంచి వినిపిస్తూనే ఉండేది.

ఒకరోజు ప్రకటనలు వస్తుంటే అడిగాను, అమ్మా ఈమె పేరేంటి అని. "దీప" అంది. అది సీరియల్‌లో పేరు, అసలు పేరు చెప్పు అన్నాను. కాసేపు ఆలోచించి "వంటలక్కే గదరా" అంది. అప్పటికి మూడేళ్ళుగా ఆదివారం తప్ప రోజూ ఆ మొహం చూస్తోంది అమ్మ. ఆమె ఏడిస్తే అమ్మ ఏడ్చింది, ఆమెను మొగుడు అనుమానిస్తే అమ్మ అన్నం ముందు పెట్టుకుని తిట్టింది. పేరు మాత్రం తెలియదు. తర్వాత నేను ఇంకా చాలామందిని అడిగాను. ఆఫీసులో, ఊళ్ళో పెళ్ళిలో, ఒకసారి మెట్రోలో పక్కన కూర్చుని ఫోన్‌లో హాట్‌స్టార్ చూస్తున్న ఆవిడని కూడా. వంటలక్క అనగానే మొహాలు విప్పారతాయి. ఆ పాత్ర చేసిన ప్రేమి విశ్వనాథ్ అంటే ఎవరూ అన్నట్టు చూస్తారు.

ఈ విషయం నన్ను చాలాకాలంగా పీకుతూనే ఉంది. పాత్రకు అంత పేరు రావడం నటి గొప్పదనమే కదా, ఇంక బాధేముంది అనేవాళ్ళు ఉన్నారు. నాకు అలా అనిపించదు. పేరు అంటే టీవీ, సినిమా వ్యాపారంలో డబ్బు. రేపు ఇంకో అవకాశం అడగడానికి చేతిలో ఉండే ఒకే ఒక కాగితం అది. ఐదేళ్ళకు పైగా ఒక ఛానల్‌ని తన మొహం మీద నిలబెట్టిన మనిషి చేతిలో ఆ కాగితం లేదంటే, ఎక్కడ పోయిందో చూడాలి కదా.

ముందు ఆమె ఎవరో చెప్పుకుందాం. ప్రేమి విశ్వనాథ్ కేరళ అమ్మాయి, కొచ్చి వైపు. 2014లో ఏషియానెట్‌లో కరుత్తముత్తు అనే మలయాళ సీరియల్ మొదలైంది. కరుత్తముత్తు అంటే నల్లముత్యం. నలుపు రంగు వల్ల పుట్టింట్లో, అత్తింట్లో మాటలు పడే అమ్మాయి కథ, అందులో నాయికగా చేసింది ప్రేమినే. ఆ కథ తర్వాత దేశమంతా తిరిగింది. కన్నడలో ముద్దులక్ష్మి అయింది, తమిళంలో భారతి కన్నమ్మ, మరాఠీలో రంగ్ మాఝా వేగళా, హిందీలో కార్తీక్ పూర్ణిమ. అన్నిచోట్లా కొత్త నటిని పెట్టుకున్నారు. తెలుగులో మాత్రం అదే పాత్రకు అదే మనిషిని తీసుకొచ్చారు. 2017 అక్టోబర్ 16న కార్తీకదీపం మొదలైంది, కాపుగంటి రాజేంద్ర దర్శకత్వం. దీప మొగుడు కార్తీక్, అంటే డాక్టర్ బాబుగా నిరుపమ్ పరిటాల, విలన్ మోనితగా శోభాశెట్టి. 2023 జనవరి 23న ముగిసేసరికి 1500 ఎపిసోడ్లు దాటిపోయాయి.

ఒకే కథని రెండు భాషల్లో, రెండు ఊళ్ళలో, మొదటినుంచి మళ్ళీ బతకడం ఎంత కష్టమో ఆలోచించండి. అదే అనుమానం, అదే అవమానం, అదే బిడ్డ, మళ్ళీ ఏడవాలి, ఈసారి తెలియని భాషలో. దీన్ని సినిమా నటి ఎవరైనా చేసి ఉంటే మనం పుస్తకాలు రాసేవాళ్ళం.

నలుపు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ప్రేమి నిజానికి తెల్లగా ఉంటుంది, దీప కోసం మేకప్‌తో నల్లబరిచారు. మొహానికే కాదు, మెడకి, చేతులకి, చీర దాచని ప్రతిచోటికీ ఆ రంగు పూయాలి, ఎండలో కరగకుండా చూసుకోవాలి, రాత్రి ఇంటికెళ్ళి కడుక్కోవాలి. నలుపు తప్పు కాదని చెప్పే కథకి నల్లటి అమ్మాయి దొరకలేదంటే తెలుగు టీవీ గురించి అది చాలా చెబుతుంది. ఇందులో ప్రేమి తప్పు నాకేమీ కనబడదు, ఆమెకు ఇచ్చిన పని ఆమె ప్రాణం పెట్టి చేసింది. కానీ బంజారాహిల్స్ నుంచి బాలాపూర్ దాకా ఈ ఊళ్ళో చామనఛాయ అమ్మాయిలు, నటన నేర్చుకున్నవాళ్ళు, నాటకాలు ఆడేవాళ్ళు లేరా? ఉన్నారు. ఆడిషన్లకు వెళ్ళి, హీరోయిన్ అక్క పాత్రకో పనిమనిషి పాత్రకో సెలెక్ట్ అయి వస్తున్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తెర మీద దీప మాట్లాడుతుంటే మనం విన్న గొంతు ప్రేమిది కాదు. డబ్బింగ్ ఆర్టిస్టుది. అంటే మనం ఐదేళ్ళు ప్రేమించిన దీప ఒక్క మనిషి కాదు, ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరు వెలుతురులో నిలబడి కళ్ళతో ఏడ్చారు, ఇంకొకరు చీకటి గదిలో మైకు ముందు నిలబడి, ఆ పెదాల కదలికకి సరిపోయేలా గొంతుతో ఏడ్చారు. ఇద్దరి పనీ కలిస్తేనే మా అమ్మ కంట్లో నీళ్ళు. ఇద్దరి పేర్లూ మా అమ్మకి తెలియవు.

డబ్బింగ్ సంగతి మాటల్లో వినడం వేరు, దగ్గర్నుంచి చూడడం వేరు. నాకు తెలిసిన కుర్రాడు సీరియల్ ఎడిటింగ్‌లో పనిచేస్తాడు, రెండేళ్ళ కింద వాడితో పాటు మణికొండలో ఒక షూటింగ్ ఇంటికి వెళ్ళాను. సీరియల్ పేరు అనవసరం. హాలు మధ్యలోంచి పైకి మెట్లు ఉన్న ఇల్లు, సీరియల్‌లో కోడళ్ళు దిగి వస్తుంటారే అలాంటి మెట్లు. హీరోయిన్ కన్నడ అమ్మాయి, పాతికేళ్ళు కూడా ఉండవు. మెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నోటుబుక్ తిరగేస్తోంది, అందులో తెలుగు డైలాగుల్ని కన్నడ లిపిలో రాసుకుంది. ఆ లిపి మనదానికి అక్కచెల్లెలే కాబట్టి పక్కన నిలబడిన నాకు సగం చదవడం వచ్చేసింది. షాట్ రెడీ అన్నారు. కెమెరా కింద ఒక అసిస్టెంట్ డైరెక్టర్ కాగితాలు పట్టుకుని కూర్చున్నాడు. వీళ్ళ భాషలో దాన్ని ప్రాంప్టింగ్ అంటారు. అతను రేషన్ లిస్టు చదివినట్టు ఏ భావమూ లేకుండా గట్టిగా చదువుతున్నాడు, "నా బతుకు నాకు వదిలేయండి అత్తయ్యా". ఆ అమ్మాయి అర సెకను తర్వాత అదే మాట అంటోంది, కళ్ళలో నీళ్ళు నిండుతున్నాయి, కింది పెదవి వణుకుతోంది. వత్తులు పోయాయి, వదిలేయండి కాస్తా వదిలేయెండి అయింది, ఎవరూ పట్టించుకోలేదు, ఎలాగూ ఇంకో గొంతు వస్తుంది కదా. కట్ చెప్పాక లిప్‌స్టిక్ చెరగకుండా స్ట్రాతో నీళ్ళు తాగి, ఆ అసిస్టెంట్‌ని అడిగింది, "వదిలేయండి అంటే బిట్టుబిడి అంత అల్వా?" అతను అవునన్నట్టు తలూపాడు. ఏడ్చిన తర్వాత అర్థం సరిచూసుకుంది ఆ పిల్ల, సరిగ్గానే ఏడ్చింది.

నేను ఆ రోజు చాలాసేపు ఆ మాటే తలుచుకుంటూ వచ్చాను. ఆ అమ్మాయికి భాష నేర్చుకోవాలని ఉంది. నోటుబుక్ అందుకే ఉంది. ఆరు నెలలు ఎవరైనా పక్కన కూర్చుని చెబితే తన గొంతుతోనే చెప్పగలదు. కానీ ఆ పద్ధతిలో అందుకు సమయం లేదు, అవసరం కూడా లేదు. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి రాత్రి దాకా సీన్లు తీసేయాలి, హీరోయిన్‌కి నెలలో సగం రోజుల కాల్‌షీట్ ఉంటే ఆ సగం రోజుల్లోనే నెలంతా నడిచే ఎపిసోడ్లు బ్యాంకు చేసుకోవాలి. భాష నేర్పించే తీరిక ఎవరికుంటుంది? పైగా గొంతు ఆమెది కాకపోతే ఇంకో లాభం ఉంది, బయటికి ఎవరూ అనరు గానీ. ఆమె మానేస్తే మొహం మారుతుంది గానీ గొంతు అదే ఉంటుంది. జనం నాలుగు రోజులు గొణిగి అలవాటు పడతారు. "ఇకపై ఫలానా పాత్రలో ఫలానా" అని కింద ఒక లైను వేస్తే సరిపోతుంది.

సినిమా హీరోయిన్లకి కూడా డబ్బింగే కదా, వాళ్ళ పేర్లు పోయాయా అని అడగొచ్చు. మంచి ప్రశ్న. సమంతకి చాలా సినిమాల్లో చిన్మయి గొంతు ఇచ్చింది, అయినా సమంత సమంతే. ఎందుకంటే సినిమా హీరోయిన్‌కి ప్రతి సినిమాలో పాత్ర మారుతుంది, మారనిది ఆమె పేరు ఒక్కటే. పోస్టర్ మీద, టీజర్‌లో, ఆడియో ఫంక్షన్లో, ఇంటర్వ్యూలో ఆ పేరే తిరుగుతుంది. రెండున్నర గంటల తర్వాత పాత్ర వెళ్ళిపోయి నటి మిగులుతుంది. సీరియల్లో దీనికి పూర్తి రివర్స్. పాత్ర ఐదేళ్ళు కదలదు. నటి ఆ పాత్రలోంచి బయటికి వచ్చి తన పేరుతో మనకి కనిపించే సందర్భమే ఉండదు. ఆమెను ఆమెగా గుర్తుపట్టడానికి మిగిలిన ఒకే ఆనవాలు గొంతు, అదీ తీసేశాక ఇంకేం మిగిలింది?

ఇది ఊరికే అంటున్న మాట కాదని చెప్పడానికి ఇంకో మలయాళీ అమ్మాయిని చూపిస్తాను. సుమ కనకాల పుట్టింది పాలక్కాడ్‌లో. సికింద్రాబాద్‌లో పెరిగింది, చదివింది, మనలో చాలామందికంటే శుభ్రంగా తెలుగు నేర్చుకుంది. 1996లో దాసరి దర్శకత్వంలో కల్యాణ ప్రాప్తిరస్తులో హీరోయిన్‌గా చేసింది, సీరియళ్ళలో నటించింది, అందులో ఏ ఒక్కటీ ఆమెను ఇంత దూరం తేలేదు. ఆమెను తెచ్చింది యాంకరింగ్, అంటే తన సొంత నోరు. ఈ రోజు ఏ పెద్ద సినిమా ఫంక్షన్ అయినా సుమ డేట్ చూసుకుని పెట్టుకుంటారని అంటారు. 2022లో జయమ్మ పంచాయితీ అని ఆమెను మధ్యలో పెట్టి సినిమా తీశారు, బాగా ఆడిందా లేదా పక్కన పెట్టండి, పోస్టర్ మీద ఆమె ఒక్కర్తే ఉండగా థియేటర్ దాకా వచ్చింది. ఇద్దరూ కేరళ మూలం ఉన్నవాళ్ళే, ఇద్దరూ మన హాల్లో ఏళ్ళ తరబడి కూర్చున్నవాళ్ళే. ఒకరి గొంతు విన్నాం, పేరు గుర్తుంది.

అనసూయ కూడా అంతే. న్యూస్ చదివింది, 2013లో జబర్దస్త్ యాంకర్‌గా వచ్చింది, పెళ్ళయి పిల్లలున్న మనిషి. 2016లో క్షణం, 2018 మార్చిలో రంగస్థలం. రంగమ్మత్త అని ఊరూరా పిలిచారు, అయినా ఆ పాత్ర అనసూయని మింగేయలేదు, ఎందుకంటే అప్పటికే అనసూయ అనే పేరు, ఆ గొంతు, ఆ తగువులాడే ధైర్యం కూడా మనకి పరిచయం. రంగమ్మత్త అని అంటూనే అనసూయ అంటాం. ఆ తర్వాత పుష్పలో దాక్షాయణి వచ్చింది. ఒక మెట్టు మీద నిలబడితే ఇంకో మెట్టు ఎక్కగలిగింది.

ఇక సినిమా వాళ్ళ వాదన. రోజూ ఇంట్లో ఫ్రీగా కనిపించే మొహానికి టికెట్ కొని ఎవడొస్తాడు అంటారు. సినిమా వాళ్ళుండే కృష్ణానగర్‌లో టీ కొట్టు దగ్గర కూడా ఈ మాట వినిపిస్తుంది, అదేదో సైన్స్ సూత్రం అయినట్టు. అయితే అవికా గోర్ సంగతేంటి? హిందీ బాలికా వధు తెలుగులో చిన్నారి పెళ్లికూతురుగా డబ్బింగ్ అయి మా టీవీలో వచ్చింది, ఇంటింటా ఆ పిల్లను చూశారు, అంత చూసినందుకే 2013 డిసెంబర్‌లో ఉయ్యాల జంపాలలో హీరోయిన్‌గా వచ్చినప్పుడు మనవాళ్ళు మన పిల్లలాగే ఆదరించారు. మృణాల్ ఠాకూర్ హిందీలో కుంకుమ్ భాగ్య సీరియల్ నటి. 2022లో సీతారామం, 2023లో హాయ్ నాన్న. సీత కోసం మనం ఎంతగా ఏడ్చామో అందరికీ గుర్తుంది. అంటే ముంబై సీరియల్ నటి తెలుగు సినిమా హీరోయిన్ కావచ్చు, హైదరాబాద్ సీరియల్ నటి కాకూడదు. టికెట్ సూత్రం నిజమైతే ముంబై వాళ్ళకీ వర్తించాలి కదా. అన్నపూర్ణ స్టూడియోలో ఒక ఫ్లోర్‌లో సినిమా, పక్క ఫ్లోర్‌లో సీరియల్ జరుగుతుంటుంది, మధ్యలో ఉన్న ఆ యాభై అడుగులు దాటడం మాత్రం మన అమ్మాయిలకి సాధ్యపడదు. మగవాళ్ళకి కూడా కష్టమే, మొగలిరేకులు సాగర్‌కి ఉన్నంత అభిమానం ఉండి కూడా సినిమాలో హీరోగా నిలదొక్కుకోవడం తేలిక కాలేదు, కాకపోతే అతను హీరోగా ప్రయత్నించగలిగాడు. సీరియల్ హీరోయిన్‌కి ఆ ప్రయత్నమే దొరకదు. అక్క, వదిన, తల్లి, ఇవే వస్తాయి.

ప్రేమి 2023 మేలో కస్టడీ సినిమాలో కనిపించింది, వెంకట్ ప్రభు దర్శకత్వం, హీరో నాగచైతన్య. సీరియల్ ముగిసి నాలుగు నెలలు కూడా కాలేదు అప్పటికి. చిన్న పాత్ర. థియేటర్‌లో నా వెనక వరుసలో ఒకరు "అరె వంటలక్క" అన్నారు. ప్రేమి విశ్వనాథ్ తెలుగు సినిమాకి వచ్చిందని ఎవరూ అనలేదు, వంటలక్క వచ్చిందనే అన్నారు.

ఇంకో మాట కూడా తరచూ వింటుంటాం, సీరియల్‌కి కథ ముఖ్యం, ఆ స్థానంలో ఎవరున్నా నడుస్తుంది అని. కార్తీకదీపమే దీన్ని తప్పని నిరూపించింది. 2022 మార్చిలో కథలో లీప్ వేశారు, అంటే కథని కొన్నేళ్ళు ముందుకు దూకించారు. కారు ప్రమాదంలో దీప, కార్తీక్ పోయారని చూపించి, పిల్లలు హిమ, శౌర్యలను పెద్దవాళ్ళను చేసి, కొత్త నటీనటులతో కథ నడిపారు. అదే ఛానల్, అదే స్లాట్, అదే పేరు. మా అమ్మ నాలుగు రోజులు చూసి రిమోట్ నా చేతికిచ్చేసింది, ఆ సీరియల్ మొదలైన తర్వాత మొదటిసారి. మా అమ్మ ఒక్కర్తే కాదని తర్వాత తేలిపోయింది, కొన్ని నెలలకే దీపను బతికించి మళ్ళీ తీసుకొచ్చారు. చచ్చిపోయిన పాత్రను వెనక్కి పిలిపించేంత బలం ఒక నటి మొహానికి ఉందని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? సినిమా హీరోకి ఇలాంటిది జరిగి ఉంటే మర్నాడే పారితోషికం గురించి వార్తలు వచ్చేవి.

మళ్ళీ 2024 మార్చి 25న రెండో భాగం మొదలైంది, ఇది నవవసంతం అంటూ. కథ పూర్తిగా కొత్తది, మొదటి దానితో సంబంధం లేదు. అయినా ఆమె పేరు దీపే, అతని పేరు కార్తీకే. నాకు ఇది చాలా విచిత్రంగా అనిపించింది. కొత్త కథ అయినప్పుడు కొత్త పేరు పెట్టొచ్చు కదా? పెట్టరు. దీప అనే పేరు ఛానల్ ఆస్తి. అందులో పోగైన ప్రేమంతా ప్రేమి విశ్వనాథ్ సంపాదించిందే, కానీ అది ఆమె ఖాతాలో లేదు. దీప అని పిలిస్తే జనం వస్తారు, ప్రేమి అని పిలిస్తే వస్తారో రారో ఎవరూ పరీక్షించి చూడలేదు.

ఖాతా తన పేరు మీదే పెట్టుకున్న ఒక మనిషి కూడా ఉంది, ఆమెని వదిలేసి ఈ కథ చెప్పకూడదు. రాధిక. తెలుగువాళ్ళకి ఆమె న్యాయం కావాలి, స్వాతిముత్యం రాధిక. సినిమాల్లో పేరు వచ్చాక రాడాన్ అని సొంత సంస్థ పెట్టి తమిళంలో చిత్తి సీరియల్ తీసింది, అది పిన్నిగా జెమినీలో వచ్చినప్పుడు మన ఊళ్ళలో రాత్రి వంటలు తొందరగా అయిపోయేవి. సీరియల్‌లో ఎన్నేళ్ళు ఏడ్చినా ఆమె రాధికే, ఎందుకంటే నటి ఆమె, నిర్మాత ఆమె. మన దగ్గర మంజులానాయుడు ఋతురాగాలు, చక్రవాకం, మొగలిరేకులు తీసి దర్శకురాలిగా తన పేరు నిలబెట్టుకుంది. కెమెరా వెనక పెత్తనం ఉన్న ఆడవాళ్ళ పేర్లు మనకి తెలుసు. కెమెరా ముందు మాత్రమే ఉన్నవాళ్ళవి తెలియవు.

ఇక ఈ పనిలో ఉన్న కష్టం గురించి తక్కువే చెబుతాను, చాలామంది చెప్పారు కాబట్టి. షూటింగ్ ఉన్న రోజుకే డబ్బు. చీరలు, జాకెట్లు, నగలు చాలాసార్లు నటీమణులే కొనుక్కుంటారు, ఒకసారి కట్టిన చీర మళ్ళీ కడితే జనం కనిపెడతారు. బెంగళూరు, కొచ్చి, హైదరాబాద్ మధ్య బస్సుల్లో, కార్లలో, రాత్రిళ్ళు ప్రయాణాలు. 2019 ఏప్రిల్‌లో వికారాబాద్ వైపు షూటింగ్ ముగించుకుని వస్తూ చేవెళ్ల దగ్గర కారు ప్రమాదంలో ఇద్దరు యువ టీవీ నటీమణులు చనిపోయారు. ఇద్దరూ తెలంగాణ జిల్లాల నుంచి నటన మీద ఇష్టంతో ఈ ఊరికి వచ్చినవాళ్ళు. వాళ్ళు పోయిన రోజు కూడా చాలా హెడ్డింగుల్లో సీరియల్ పేరే ముందుంది.

బిగ్ బాస్ గురించి ఒక మాట. ఆ షోని ఎంత తిట్టుకున్నా, సీరియల్ నటీమణులు ఎందుకు అంత ఎగబడి వెళ్తారో నాకు ఇప్పుడు అర్థమవుతోంది. అక్కడ వాళ్ళని సొంత పేరుతో పిలుస్తారు. 2022లో కీర్తి భట్ వెళ్ళింది, 2023లో శోభాశెట్టి, ప్రియాంక జైన్ వెళ్ళారు. మోనిత అని ఏళ్ళ తరబడి తిట్టించుకున్న శోభాశెట్టి ఆ ఇంట్లో తన కన్నడ యాసలో, తన గొంతుతో అరిచింది, ఏడ్చింది, వాదించింది. నచ్చినవాళ్ళకి నచ్చింది, నచ్చనివాళ్ళకి నచ్చలేదు, ఏదైనా శోభ అనే మనిషికే వచ్చింది. నటనతో రాని పేరు నటన లేకుండా పోట్లాడితే రావడం బాధగానే ఉంటుంది గానీ, ఆ తలుపు తెరిచి ఉంది, వెళ్తున్నారు.

ఉమ్మడి రాష్ట్రంలో టీవీకి విడిగా నంది అవార్డులు ఇచ్చేవాళ్ళు. ఎవరికి ఎందుకు వచ్చిందని అప్పుడు గొడవలు జరిగేవి, ఇప్పుడు ఆ గొడవలు కూడా ముద్దుగా గుర్తొస్తున్నాయి. 2025లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ సినిమా అవార్డులు మొదలుపెట్టింది, మంచి పని. ప్రతి సాయంత్రం రాష్ట్రంలో సగం ఇళ్ళలో వెలిగే తెరకి కూడా అలాంటి ఒక వేదిక ఉంటే, కనీసం ఏడాదికి ఒక్కరోజు దీప అని కాకుండా ప్రేమి అని పిలుస్తారు. ఉత్తమ డబ్బింగ్ కళాకారిణి అని ఇంకొకరిని కూడా పిలవాలి. ఛానళ్ళు పెట్టుకునే పండగల్లో అవార్డులు ఉంటాయి, వాటిలో ఉత్తమ కోడలు, ఉత్తమ జంట అని పాత్రలకే ఇస్తుంటారు.

మొన్నామధ్య అమ్మకి యూట్యూబ్‌లో ప్రేమి విశ్వనాథ్ స్టేజీ మీద మాట్లాడిన వీడియో ఒకటి చూపించాను. మలయాళం యాసలో, మాటలు వెతుక్కుంటూ, నవ్వుతూ తెలుగు మాట్లాడుతోంది. అమ్మ ఫోన్ దగ్గరికి తీసుకుని, దూరం పెట్టి, మళ్ళీ దగ్గరికి తీసుకుని చూసింది. "గొంతు గిట్లున్నదేంది? ఈమె దీప కాదురా, ఈమె ఇంకెవరో" అని ఫోన్ నా చేతికిచ్చేసింది. నాకు నిజంగా గుండె కలుక్కుమంది. అమ్మని ఏమనగలను? ఆమె ప్రేమించిన మనిషిలో సగం నిజంగానే ఇంకెవరో. మొదటి ఏడాది డబ్బింగ్ పెట్టుకుని, రెండో ఏడాది నుంచి నటికి నేర్పించి, యాస ఉన్నా సరే ఆమె గొంతే వినిపించి ఉంటే అమ్మ అలవాటు పడేది, కచ్చితంగా పడేది. సుమ తెలుగుకి అలవాటు పడలేదా, ఇప్పుడు ఎవరికైనా ఆమె పాలక్కాడ్ అమ్మాయి అని గుర్తుంటుందా?

ఆ రాత్రి ఏదో సీరియల్ వస్తుంటే అమ్మ మందులు వేసుకోవడానికి లేచింది, టైటిల్స్ పడుతున్నాయి. డబ్బింగ్ ఎవరో చూద్దామని ఫోన్ కెమెరా ఆన్ చేసి టీవీ ముందు నిలబడ్డాను. కెమెరా, ఎడిటింగ్, మాటలు, మేకప్ అని వరసగా పరిగెత్తాయి, ఒక్కో కార్డు మీద ఐదారు పేర్లు. వీడియో ఆపి, పెద్దది చేసి చూసుకున్నాను. అక్షరాలు మసకగా ఉన్నాయి. మర్నాడు ఏడున్నరకి మళ్ళీ ప్రయత్నిస్తానని అమ్మకి చెప్పాను. "అడ్డం నిలబడకు మరి" అంది.